నరం బతికే ఉంది

"మళ్లీ మొదలైందే." బుచ్చిరాములు మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఎడమ కన్ను ఒకటే దురద."

ఊర్మిళ గ్యాస్ కట్టేసి పరుగున వచ్చి మొగుడి చేతులు రెండూ పట్టుకుంది.

"పట్టీ జోలికి పోకు. డాక్టర్ ఏం చెప్పిండు?"

"జర పక్కనుంచి గోక్కుంట."

"వద్దంటే వద్దు."

సెకండ్ వేవ్‌లో కరోనా వచ్చి బతికి బట్టకట్టిన మనిషి. హమ్మయ్య అనుకునేలోపే ఆ కంటికి చీము పట్టిందని మళ్లీ ఆసుపత్రిలో వేశారు. ఆపరేషన్ చేసి ఇంటికి పంపి తొమ్మిది రోజులైంది. కరోనా భయానికి, ఊరుగాని ఊళ్లో మగ్గాల కూలీలుండే ఈ కోసాడ్ క్వార్టర్లలో పక్కింటివాళ్లు కూడా గడప తొక్కడం లేదు. ఒక్క గదిలో ఆ చేతులకు కాపలా కాయడమే ఊర్మిళ పనైపోయింది.

కంటి దురద అతనికి కొత్తేం కాదు. పదిహేనేళ్లు మగ్గాల నుసిలో నిలబడ్డవాడు. ఎండాకాలం వస్తే చాలు, కళ్లు చింతనిప్పులే. అప్పట్లో ఒక కంటి డాక్టర్ విడమరిచి చెప్పాడు. నుసి పడితే కంట్లో నరాల కొసలు ఏవో రసాయనాలు వదులుతాయట. వాటితో దురద, ఎరుపు. రుద్దితే ఇంకా వదులుతాయట. నాలుగో తరగతి దాటని బుచ్చిరాములు ఆ ఒక్క పాఠం మాత్రం కార్ఖానాలో అందరికీ గడగడా అప్పజెప్పేవాడు.

ఇప్పుడూ అదే అందుకున్నాడు. "దురద ఉత్తగనే ఎట్ల పుడ్తదే? నరం బతికుండి, రసాయనం వదిలితేనే గదా. అంటే కన్ను బాగైతున్నట్టే. సోమారం సేఠుకు ఫోన్ చేస్త. నా మగ్గాలు ఇంకొకనికి ఇయ్యొద్దని చెప్త."

నెలన్నర తర్వాత అతని మొహంలో నవ్వు. అది చూసి ఊర్మిళకు ఏడుపొచ్చింది.

నిన్ననే ఆమె మెట్ల దగ్గరికి పోయి ఆసుపత్రి డాక్టర్‌కు ఫోన్ చేసింది. "నరాలకు పాత అలవాటు అంత తొందరగా పోదు బెహన్. కొన్నాళ్లు దురద ఉంటుంది, ఓపిక పట్టండి" అన్నాడాయన. ఓపికకేం, చెప్పేవాళ్లకు తేలికే.

"ఊర్మిళా, పాణం పోతున్నది. ఏమన్న చెయ్యే."

ఏం చేస్తుంది పాపం? చీర కొంగు ఉండచుట్టి, నోటికి ఆనించి వెచ్చగా ఊదింది. పట్టీ మీద మెల్లగా అద్దింది. మళ్లీ ఊదింది, మళ్లీ అద్దింది.

బుచ్చిరాములు గోడకు ఆనుకుని ఒళ్లు వదిలేశాడు. "హాయిగున్నది. పట్టీ ఎప్పుడు ఇప్పుతరట?"

"శుక్రారం."

ఆ పట్టీ కింద కన్నే లేదని, బ్లాక్ ఫంగస్ మెదడుకు పాకకుండా దాన్ని తీసేయమని కాగితం మీద సంతకం పెట్టింది తనేనని ఊర్మిళ అతనికి ఇంకా చెప్పలేదు.