రెండో కరచాలనం

"సోమవారం నుంచి కొత్త మాస్టారు వస్తున్నాడు మైసీగారూ. కెమెరాలు, కంప్యూటరు అన్నీ తెచ్చుకుంటున్నాడు. ఇక మీరు విశ్రాంతి తీసుకోవాలి" అన్నాడు గోల్ఫ్ క్లబ్బు కెప్టెన్ మన్రో.

మైసీ గెడ్డీస్ చేతిలోని బంతుల బుట్ట కింద పెట్టలేదు.

"నేను అలిసిపోయానని నీకెవరు చెప్పారు?"

"ఎనభై దాటాయి కదండీ. ఇది కమిటీ నిర్ణయం. కొత్తగా ఎవరినీ చేర్చుకోకండి. ఉన్నవాళ్లకు నేర్పడం పూర్తికాగానే షెడ్డు తాళంచెవి ఇచ్చెయ్యండి."

"ఉన్నది ఒక్కడే. ఉప్పుటేటి అవతలి ఒడ్డు నుంచి వస్తాడు. నిన్ననే చెయ్యి కలిపాను."

ఒక్కడే కదా అని కెప్టెన్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ స్కాట్లండ్ తీరపు ఊళ్లో గోల్ఫ్ పాఠం కరచాలనంతో మొదలవుతుంది. శిష్యుడు కొట్టిన బంతి మైదానంలోని వాగు దాటి సూటిగా గుంటలో నాటిన జెండా దగ్గర పడిన రోజున గురువు మళ్లీ చెయ్యి కలపాలి. అంతటితో పాఠం ముగిసినట్టు. ఆ రెండో కరచాలనం అయ్యేదాకా మధ్యలో ఆపించే హక్కు కెప్టెన్‌కైనా లేదు.

ఆ రెండో కరచాలనమంటే మైసీకి ఎప్పుడూ దిగులే. నేర్చుకున్నవాడు వెళ్లిపోతాడు. క్లబ్బు తలుపు ఆడవాళ్లకు తెరుచుకోని రోజుల్లో ఆమె అవతలి ఒడ్డు ఇసుకలో పిల్లలకు నేర్పింది. తెరుచుకున్నాక ఇక్కడ నేర్పింది. ఎంతమంది వచ్చారో, అంతమందీ చెయ్యి కలిపి వెళ్లిపోయారు. వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారేమోనని కాసేపు నిలబడేది. తర్వాత వాళ్లు కొట్టిన బంతులు ఏరుకునేది. మర్నాడు పొద్దున మరొకరి వేళ్లు కర్ర మీద సర్దుతుంటే మళ్లీ ప్రాణం లేచి వచ్చేది.

ఇప్పుడా మర్నాడు లేకుండా చేస్తామంటున్నారు.

గురువారం ఆ శిష్యుడు డూగల్ వచ్చాడు. నలభై దాటిన పొడగరి. మైసీ అతని ఎడమ చేతికి తొడుగు వేసింది. కుడి చెయ్యి దాని కింద సర్దింది.

"గొంతు పిసికినట్టు కాదు అబ్బాయ్. నిద్రపోతున్న పసివాడి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో. ఊఁ, కొట్టు."

బంతి పక్కకు దూసుకెళ్లి ముళ్లపొదల్లో పడింది.

"కుందేళ్లకేమైనా తగిలిందేమో చూడండర్రా!" అని అరిచాడు బెంచీ మీద కూర్చున్న ముసలి శాండీ. ఒకప్పుడు అతను ఆటగాళ్ల సంచులు మోసేవాడు. ఇప్పుడు ఆ బెంచీని మోస్తున్నాడు.

తర్వాతి గురువారమూ అంతే. ఆ పై గురువారమూ అంతే. బంతి వాగులో పడింది. బురదలో పడింది. ఒకసారి శాండీ టీ కప్పులో పడినంత పని చేసింది.

"నీ కుడి చెయ్యేమిటి బాబూ, పిండిలో ముంచి తీసినట్టుంది? ఎడమ చెయ్యేమో ఎండకు కమిలిపోయింది. ఒక చెయ్యి జేబులో పెట్టుకునే పనిచేస్తావా?" అన్నాడు శాండీ, డూగల్ తొడుగు తీస్తుంటే చూసి.

"అలాంటిదే తాతా" అని నవ్వాడు డూగల్.

కెప్టెన్ ఉండబట్టలేక తనే కర్ర అందుకుని చూపించాడు. డూగల్ శ్రద్ధగా చూసి, ఈసారి బంతిని కాక మట్టిగడ్డను లేపాడు.

"మైసీగారూ, వీడికి ఈ జన్మలో రాదు. వదిలెయ్యండి."

"నీకు రావడానికి రెండు వేసవులు పట్టాయి. నిన్ను వదిలేశానా?"

శాండీ బెంచీ చరిచి నవ్వాడు.

"పోనీ, కొత్త మాస్టారు వీడికి ఉచితంగా నేర్పుతాడు" అన్నాడు కెప్టెన్.

"నేను చెయ్యి కలిపింది ఈవిడతోనండీ" అన్నాడు డూగల్.

వేసవి చివరి గురువారం వచ్చింది. సాయంత్రం పనుంది, తొందరగా వెళ్లాలన్నాడు డూగల్. ఆ ధ్యాసలోనే ఉన్నాడేమో, మొదటి దెబ్బకే బంతి గాలిలో లేచింది. వాగు దాటింది. సూటిగా వెళ్లి జెండా పక్కన పడింది.

శాండీ లేచి నిలబడ్డాడు. డూగల్ మొహం పాలిపోయింది. కర్ర చేతిలోంచి జారింది.

కెప్టెన్ పరుగులాంటి నడకతో వచ్చాడు.

"అయింది! అందరం చూశాం. కలపండి చెయ్యి. తాళంచెవి ఇవ్వండి."

మైసీ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది.

"తల ఎత్తేశాడు. భుజం ముందే తిరిగిపోయింది. ఆ దెబ్బ సముద్రపు గాలిది. నేను గాలికి పాఠాలు చెప్పడంలేదు కెప్టెన్‌గారూ. బంతి అక్కడికెలా వెళ్లిందో వాడికే తెలియదు, మొహం చూడు."

కెప్టెన్ చూశాడు. నిజమే, ఏదో ఘోరం జరిగినట్టుంది ఆ మొహం.

"ఇంకోటి కొట్టమనండి అయితే."

డూగల్ కర్ర తీసుకుని కొట్టాడు. బంతి ముళ్లపొదల్లోకి వెళ్లింది.

కెప్టెన్ ఆ పొదల వైపు చెయ్యి చూపించాడు.

"ఎన్నాళ్లు నేర్పుతారు వీడికి?"

"వాడు నేర్చేదాకా. లేదా నేను పోయేదాకా. ఏది ముందైతే అది" అంది మైసీ. తాళంచెవి మెడలో వేసుకుని, బంతులు ఏరడానికి బుట్ట అందుకుంది. "వచ్చే గురువారం ఆలస్యం చెయ్యకు అబ్బాయ్."

"చెయ్యను టీచర్."

ఆ సాయంత్రం అవతలి ఒడ్డున తన క్లబ్బులో, డూగల్ ఏళ్ల తరబడి తొడుగు కిందే ఉండి తెల్లబడిన కుడి చేతికి మళ్లీ తొడుగు వేసుకుని, చిన్నప్పుడు ఆ ఇసుకలో మైసీ నేర్పిన ఎడమచేతి వాటంతో బంతిని ఒక్క దెబ్బకు జెండా పక్కన దింపి, వరసగా మూడో ఏడు ఛాంపియన్ కప్పు అందుకున్నాడు.