కొరికిన అంచు

ఆరబెట్టిన పచ్చికుండల అంచులు ఎవరో కొరికారు. నా చేతి కుండకి వంక పెట్టే మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. ఎలుకేమో అనుకుని వంగి చూశాను. ముందు రెండు పళ్ళ మధ్య సందు కనపడింది. అది మా అమ్మాయి పంటిగుర్తు.

అదిప్పుడు ఏడో నెల మనిషి.

చెయ్యి పట్టుకుని నర్సమ్మ దగ్గరికి లాక్కుపోయాను. ఆవిడ దాని కింది కనురెప్ప లాగి చూసింది. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"ఒంట్లో రక్తం లేదు పెద్దాయనా. అందుకే మట్టి మీదికి మనసు పోతోంది. మాత్రలు మానకూడదు. ఆకుకూర, పప్పు, గుడ్డు రోజూ పెట్టు" అంది నర్సమ్మ.

మా అమ్మాయి నవ్వింది. "కుమ్మరి కూతురు మట్టి తినక మణులు తింటుందా? నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మా తినేదని నువ్వే చెప్పావుగా నాన్నా!"



"తినేది తల్లీ. రక్తం చాలకే కాన్పులో పోయింది. నీకు పోతపాలు పట్టింది నేనే."

దాని నవ్వు ఆగిపోయింది. బుగ్గలో దాచుకున్న మట్టిగడ్డ తీసి నా చేతిలో పెట్టింది.