గూడ్స్ షెడ్డు మూసిన రోజు

"షెడ్డు మూసేయమన్నారు మేస్త్రీ. మీ తాత బొగ్గు మోసిన షెడ్డు, నా చేత్తో మూయాల్సొచ్చింది," గూడ్స్ క్లర్కు తలెత్తకుండానే చెప్పాడు.

ఏడాదిగా ఈ స్టేషన్‌కి ఒక్క వ్యాగన్ రాలేదు. అయినా ఇవాళో రేపో కూలి దొరుకుతుందన్నట్టు హమాలీలు రోజూ వస్తూనే ఉన్నారు. వాళ్ల పొట్ట కొట్టలేక, షెడ్డు మూయొద్దని క్లర్కు పైవాళ్లను బతిమాలుతూ వచ్చాడు.

"హమ్మయ్య! బతికించారు బాబూ," అన్నాడు హమాలీల మేస్త్రీ.

"అదేంటయ్యా! మరి మీ కూలి?"

"మావాళ్లంతా లారీల దగ్గర కుదిరి చాన్నాళ్లయింది. రాత్రంతా అక్కడ మోసి, పగలు ఇక్కడ కూర్చుంటున్నాం. మేం రాకపోతే షెడ్డు మూసేస్తారు, మీ ఉద్యోగం ఊడుతుందని."

క్లర్కు బల్ల మీద కూలబడ్డాడు. "మీకోసమేనయ్యా, వచ్చిన బదిలీ వద్దన్నాను!"

నవ్వడానికి ఇద్దరికీ ఓపిక లేదు.

"కాస్త జరగండి బాబూ," అన్నాడు మేస్త్రీ చివరికి. "ఇద్దరం ఓ కునుకు తీద్దాం."