కాంటెస్సాలో వడగాలి

కరీంనగర్ దాటినప్పటి నుంచీ బెన్నీది ఒకటే మాట.

"పాత బండి గదా మహిమగారూ. చల్లవడెతందుకు జర టైం పడుతది."

గోదావరి బ్రిడ్జి కూడా దాటారు. ఏసీలోంచి వడగాలి కొడుతూనే ఉంది.

అది బెన్నీ తండ్రి ఉన్ననాటి కాంటెస్సా. కొత్త రంగు వేయించి, సీట్లు కుట్టించి, బ్యాంకు ఆఫీసరు హోదాకు తగ్గట్టు మెరిపించుకున్నాడు. సంబంధం మాట్లాడటానికి పంపిన ఫోటోలో మహిమకు ముందు కనబడింది కారే. దాన్ని ఆనుకుని నిలబడ్డ మనిషి తర్వాత కనబడ్డాడు.

ఆదివారం మందమర్రి చర్చిలో వాళ్ల పెళ్లి ప్రకటన చదవాలి. ఆలోపు ఇద్దరితో ఓసారి మాట్లాడాలని పాస్టరుగారు కబురు పెట్టారు. మహిమ బస్సులో వస్తానంది. బెన్నీ తల్లి రిబ్కమ్మే ఒప్పుకోలేదు.

"మే నెల ఎండల బస్సెందుకు బిడ్డా? నేను గూడ వస్త. మా కార్లనే పోదాం."

ఇప్పుడా కారు వెనక సీట్లో ఆడవాళ్లిద్దరూ ఉడికిపోతున్నారు. అద్దం దించితే బొగ్గు లారీల దుమ్ము. మహిమ కట్టుకున్నది వెన్నరంగు చీర.

శ్రీరాంపూర్ దగ్గర బెన్నీ కారు పక్కకు ఆపి బానెట్ ఎత్తాడు. ఒక్క చూపు చూసి తేల్చేశాడు.

"ఏసీల గ్యాస్ అయిపోయింది."

"నిన్ననే నింపిచ్చినవ్ గద?" అంది రిబ్కమ్మ కిటికీలోంచి.

"అయితే బెల్టు వదులైంది."

మహిమ దిగి చూసింది. బెల్టు బిగువుగానే ఉంది. ఆ మాటే అంది.

"నీకేం ఎరుక? పోయి కూసో."

కరీంనగర్‌లో మహిమగారు. శ్రీరాంపూర్‌లో 'నువ్వు'. ఊరు ఊరికీ మర్యాద దిగిపోతోంది, మందమర్రి చేరేసరికి ఏమని పిలుస్తాడో అనుకుంది మహిమ.

"హీటర్ ఏమన్న తెరుసుకొని ఉన్నదేమో చూడు బెన్నీ," మళ్లీ రిబ్కమ్మే. "మీ బాపైతే ఈపాటికి పట్టేస్తుండె."

బెన్నీ ముఖం కందగడ్డలా అయింది. హీటర్ గొట్టాన్ని గబుక్కున పట్టుకున్నాడు. వేలు కాలింది. కాలిన వేలు నోట్లో పెట్టుకుని, ఆ మనిషి అప్పటికీ తనకంతా తెలుసన్నట్టే చూశాడు! మహిమకు నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకుంది.

"హమీద్ సాబుకు ఫోన్ చెయ్యరాదు? గీ ముచ్చట ఆయనకే ఎక్కువ ఎరుక," అంది రిబ్కమ్మ.

ఈమెకు నోరు ఊరుకోదా అని మహిమకు చిరాకేసింది. కొడుకు సంగతి తెలిసీ పుండు మీద కారం చల్లుతున్నట్టుంది.

హమీద్ నిన్న సర్వీసింగ్ చేసిన మెకానిక్. తండ్రి వయసు మనిషి. బెన్నీ స్పీకర్ పెట్టి ఫోన్ కలిపితే నెమ్మదిగానే మాట్లాడాడు.

"నిన్న మంచు లెక్క కొట్టింది గద సార్. పరేషాన్ గాకుండ్రి. జర ఒక్కటి చూసి..."

"నువ్వెవనివిరా నాకు చెప్పెతందుకు? దొంగ నా కొడుకా! ఖరాబ్ చేసి పంపిచ్చి ఇంక సలహాలిస్తున్నవా?"

ఫోన్ పెట్టేశాడు. గ్యాస్ కాదు, బెల్టు కాదు, ఇక మిగిలింది మహిమే.

"అంత నీ వల్లనే. ఎక్కేటప్పుడు డోరు తెరిసిపెట్టి మీ అవ్వతోని ముచ్చట పెట్టినవ్. గప్పుడే పోయింది చల్లదనమంత."

కరీంనగర్‌లో తెరిచిన తలుపుకు శ్రీరాంపూర్‌లో ఏసీ చెడిందట! ఇతని దగ్గర అప్పు కోసం వచ్చేవాళ్ల మీద జాలి కలిగింది మహిమకు.

రిబ్కమ్మ నీళ్ల సీసా పట్టుకుని దిగింది.

"జర నీళ్లు తాగు బిడ్డా. రాకపోతె రాకపాయె. నాకు చాతగాదంటె ఏం పోయింది?"

బెన్నీ చెయ్యి విసిరాడు. సీసా ఎగిరి బొగ్గుపొడిలో పడింది.

"నోర్మూసుకోమంటె సమజ్ గాదా నీకు?"

రిబ్కమ్మ కదల్లేదు. తడిసిన చేతిని కొంగుకు తుడుచుకుంది, రోజూ చేసే పనిలా. మహిమకు నవ్వు చచ్చిపోయింది.

కారులోంచి తన సంచీ తీసుకుంది.

"ఆదివారం ప్రకటన చదవొద్దని పాస్టరుగారికి నేనే చెప్త."

బెన్నీ పకపకా నవ్వాడు. "ఏసీ రాలేదని పెండ్లి వద్దంటవా? మంది ఏమనుకుంటరు?"

"ఏసీ రాలేదనే అనుకోనియ్యి. ఉన్న సంగతి చెప్తె నీ ఇజ్జత్ పోతది."

మంచిర్యాల వైపు పోతున్న ఆటోను ఆపింది. బెన్నీ అటు తిరిగి మళ్లీ బానెట్ కింద తల దూర్చాడు. వెనక నుంచి రిబ్కమ్మ ఆయాసపడుతూ వచ్చింది. బతిమాలడానికే అనుకుంది మహిమ. ఆమె మీద కూడా మండిపోయింది.

"మీరు గూడ తక్కువోళ్లేం గాదు అత్తమ్మా. పొద్దటి సంది చూస్తున్న. సల్లార్చుడు పోయి, మాటమాటకు ఎగదోసిండ్రు. ఎందుకట్ల చేసిండ్రు?"

రిబ్కమ్మ ఒకసారి కొడుకు వైపు చూసింది.

"నా పెండ్లికి ముందు నాకు గిట్ల చూపెట్టెటోళ్లు లేకుండిరి బిడ్డా," అని, పొద్దున కొడుకు లేవకముందే తాను పీకి దాచిన ఏసీ ఫ్యూజును మహిమ అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది.