అత్తగారు నేర్పిన పోటు

“ఊపిరి ఆగబోయినప్పుడల్లా మీరు ఉలిక్కిపడుతున్నారు. ఎందుకో చూడండి,” అంటూ నిద్ర పరీక్షలు చేసే డాక్టరమ్మ రాత్రి తీసిన వీడియో పెట్టింది.

తెరమీద ఒంటినిండా వైర్లతో భర్త. మంచానికి ఆనించిన కుర్చీలో నిద్రపోతున్న భార్య. గురక ఆగగానే, కళ్ళయినా తెరవకుండా ఆమె అతని డొక్కలో మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. గురక మళ్ళీ మొదలైంది.

“ఇదేంటమ్మా?”

“అలవాటండీ. కాపురానికొచ్చాక మా అత్తగారు నేర్పిన మొదటి పని ఇదే.”

“డొక్క కమిలిపోయింది డాక్టరుగారూ,” అన్నాడు భర్త.

“పరీక్ష మళ్ళీ చెయ్యాలి. ఈసారి మీ ఆవిడ ఇంట్లోనే ఉండాలి. జన్యువుల వల్లో, గొంతు, దవడల తీరువల్లో కొన్ని కుటుంబాల్లో నిద్రలో ఇలా ఊపిరి ఆగడం వస్తూ ఉంటుంది. మీ నాన్నగారికి ఉండేదా?”

“ఆయన గురక వీధి చివరికి వినపడేదండీ. నిద్రలోనే పోయారు. సుఖమైన చావన్నారు అందరూ.”

“మీ అమ్మగారు పక్కన లేరా?”

“లేదండీ. అక్క పురిటికని ఆ వారమే వెళ్ళింది...”

అతను తన కుర్చీని మెల్లగా భార్య మోచేతి దగ్గరకు జరుపుకున్నాడు.