వార్మప్

"బిడ్డ కోసం స్టెరాయిడ్..." అని డాక్టరమ్మ అందో లేదో, కోచ్ లేచి వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. అతను నిలబడితే ఇక అక్కడ తలుపున్నట్టే తెలియదు. పార్కింగ్ దొరక్క ఆసుపత్రి చుట్టూ చక్కర్లు కొట్టి, అప్పుడే వచ్చి కూర్చున్నాడు పాపం.

"కుదరదు మేడమ్! స్టెరాయిడ్ ముట్టినవాడికి నా జిమ్ములో చోటు లేదని గోడ మీద ఇంతింత అక్షరాలతో రాయించా. సొంత బామ్మర్దినే మెడపట్టి గెంటేశా."

"మధ్యలో మా తమ్ముడేం చేశాడు?" అంది మంచం మీంచి భార్య. ఆమెకి ఏడో నెల. పొద్దున ఆఫీసుకని మెట్లు దిగుతుంటే నొప్పులు మొదలయ్యాయి.

"ఏం చేశాడా? కండలొచ్చాయి, కిడ్నీలు పోబోయాయి. ఇంకా పుట్టని బిడ్డకి అదే మందా? నేనుండగా ఆ సూది ఈ గడప దాటదు."

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "పేరొక్కటేనండీ, అది వేరు, ఇది వేరు. ఇది కండలకి కాదు. నెలలు నిండకుండా వచ్చే బిడ్డ ఊపిరితిత్తులకి, మెదడుకి."

"మెదడుకేమైంది?"

"ఏమీ కాకూడదనే. ఇప్పుడు ఆ బుర్రలో రక్తనాళాలు తడిసిన టిష్యూ కాగితంలా ఉంటాయి. పుట్టగానే ఊపిరందక బీపీ ఎగుడుదిగుడైతే చిట్లిపోవచ్చు. అక్కడ రక్తం చేరితే రేపు నడకకో మాటకో దెబ్బ. ఈ మందుతో ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పను."

"చూశావా! గ్యారంటీ లేదట!"

"నీ 'మూడు నెలల్లో పొట్ట మాయం' బోర్డుకుందా గ్యారంటీ?" అంది భార్య.

డాక్టరమ్మ ఏదో అనబోయింది. నేను చూసుకుంటాలెండి అన్నట్టు భార్య కళ్ళతోనే ఆపేసింది.

"సరే. ఎలా ఉంది నొప్పి?" అనడిగింది డాక్టరమ్మ.

"కొంచెం పట్టేసినట్టుంది, అంతే," అంది ఆమె తొడ రుద్దుకుంటూ.

"డ్రిప్పుతో కాన్పుని రేపటిదాకా ఆపగలిగితే చాలు. మీరూ మీరూ మాట్లాడుకోండి. నిర్ణయం మాత్రం ఆవిడదే సార్," అంటూ డాక్టరమ్మ కోచ్ చంక కిందనుంచి దూరి బయటికి వెళ్ళిపోయింది.

కోచ్ మళ్ళీ తలుపు నింపేశాడు.

"ఒకటడుగుతా చెప్పు," అంది భార్య. "కొత్తగా చేరినవాడు రాగానే వంద కిలోలు ఎత్తుతానంటే ఏం చేస్తావు?"

"చెవి మెలేసి వార్మప్ చెయ్యమంటా."

"టైం లేదు సార్, ఇప్పుడే ఎత్తాలంటే?"

"ఎత్తనిస్తానా? వార్మప్ లేకుండా ఎత్తితే ఏమవుతుందో తెలుసా నీకు? చల్లటి కండ మీద బరువు పడిందంటే పటుక్కున..."

కోచ్ ఆగిపోయాడు.

"ఆపావేం? పటుక్కున?"

ఈలోపు నొప్పి వచ్చింది. ఆమె మంచం కమ్మీ బిగించి పట్టుకుంది. బరువెత్తేటప్పుడు వదలమని అతను అందరికీ నేర్పే పద్ధతిలోనే నోటితో మెల్లగా ఊపిరి వదిలింది. అది పోయేదాకా అతని మొహం మీంచి చూపు తిప్పలేదు.

"ఈ లోపలున్న మనిషికి ఇంకా రెండు నెలల ప్రాక్టీసు బాకీ ఉంది," అంది తేరుకుని. "దొరికేలా లేదు. రేపో ఎల్లుండో బయటపడి సొంతంగా ఊపిరి తీసుకోవాలి. ఆ బుజ్జి ఒంటికి అదే వంద కిలోలు. ఈ సూది వార్మప్, అంతే. నా బిడ్డని వార్మప్ లేకుండా బరువు కిందకి పంపను. నువ్వు తలుపుకి అడ్డం నిలబడినా సరే, ఆ తలుపు ఊడబీకి వీపుకి కట్టుకున్నా సరే."

కోచ్ తన చేతుల వంక చూసుకున్నాడు. ఇంతమందికి ఇన్ని బరువులు ఎత్తడం నేర్పిన చేతులు, ఈ ఒక్కదానికీ అక్కరకి రావు.

వెనక తలుపు మీద చప్పుడైంది. ట్రే పట్టుకుని నర్సు నిలబడి ఉంది. "కాస్త జరుగుతారా సార్? పావుగంట నుంచి ఇక్కడే ఉన్నా."

కోచ్ జరిగాడు. వచ్చి భార్య చెయ్యి పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. కప్పు గెలిచినవాడికి కూడా అంత గంభీరంగా ఎప్పుడూ షేక్‌హ్యాండ్ ఇచ్చి ఉండడు.

"ఇచ్చెయ్యండి సిస్టర్. నేను ఒప్పుకుంటున్నా."

"ఏమిటి సార్ ఇచ్చేది? నేను టెంపరేచర్ చూడ్డానికొచ్చా."

"అదే... ఇంజెక్షన్!"

నర్సు ఆమె వైపు చూసింది. ఆమె మళ్ళీ తొడ రుద్దుకుంది.

"అది నువ్వు కారు పార్క్ చేసొచ్చేలోపే అయిపోయింది. ఇంతసేపూ నిన్ను ఒప్పించింది రేపటి రెండోదానికి."