పేరిచ్చిన ముసలమ్మ

చర్చి వాకిట్లో ఒక ముసలామె వానకు తడుస్తూ నిలబడి ఉంది. మాసికల శాలువా. మోకాళ్ళ దాకా బురద.

"ఇదిగో, దొరికిందిరా!" అంది యులాలీ పక్కనున్న కొడుకుతో, మనవరాలిని పొదివి పట్టుకుని.

ఆమె కొడుకు సిల్వేన్‌కు ఊరి చివర పిండిమర ఉంది. ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ వారం తిరక్కుండానే పోయారు. మూడోదీ పాలు తాగడం లేదు; తల్లి ఇంకా మంచం దిగలేదు. ఇలాంటప్పుడు చర్చి దగ్గర మొదట కనబడ్డ బిచ్చగత్తెను బాప్తిస్మంలో బిడ్డకు జ్ఞానతల్లిని చేసి, ఆమె పేరే పెడితే బిడ్డ నిలుస్తుందని మా వైపు నమ్మకం.

"మరవాళ్ళు మీరేనా?" అంది ముసలామె.

"మేమేలే. రా, రా. నీ పేరేంటి?"

"సొలాంజ్."

యులాలీ మొహం విప్పారింది.

"విన్నావట్రా! తల నరికితే, ఆ తల చేత్తో పట్టుకుని నడిచిన గొర్రెలకాపరి పిల్ల! మన బెర్రీ సీమను కాచే పునీతురాలి పేరు! అంతకంటే మొండి ప్రాణం ఎవరిది?"

ఫాదర్ నీళ్ళు పోశాడు. బిడ్డ ఏడవలేదు.

ముసలామె మర దాకా వెంట వచ్చింది. యులాలీ గుమ్మానికి అడ్డం నిలబడి రొట్టె చేతిలో పెట్టింది.

"పిల్ల పెదాలు నల్లబడుతున్నాయమ్మా. గుడ్డలు విప్పి నా రొమ్ముకు హత్తుకోనీ. పొయ్యి పక్కన కాస్త చోటు చాలు."

"పొయ్యి పక్కన చోటట! తర్వాత సూపు, ఆ తర్వాత పరుపు!"

లోపల చుట్టాలు నవ్వారు.

"అయితే నన్ను పేరు కోసమే పిలిచారా?"

"మరి దేనికనుకున్నావ్, విందుకా?"

"నా పేరు పాలు పట్టదమ్మా. పిల్లనివ్వు."

"పేరిచ్చావ్, రొట్టె పుచ్చుకున్నావ్. ఇక నడు."

తలుపు పడింది.

ముసలామె ఇంకోసారి తట్టింది. లోపల గ్లాసుల చప్పుడు. రొట్టెను గుమ్మం మీదే పెట్టి వెళ్ళిపోయింది.

పొద్దు వాలేసరికి బిడ్డ ఒళ్ళు చల్లబడింది. సిల్వేన్ గుర్రమెక్కి పట్నంలోని మఠం ఆసుపత్రికి పరుగెత్తించాడు. చావబోయే పసిగుడ్లను ఒంటి వేడితో బతికించే మంత్రసాని అక్కడ ఉందని ఊరంతా చెప్పుకునేవారే. చూసినవాళ్ళు మాత్రం లేరు.

"సిస్టర్, ఆవిణ్ణి పంపండి, గుర్రం మీద తీసుకుపోతాను. పిండిమర వాళ్ళం..."

సిస్టర్ వింతగా చూసింది.

"మీ ఆవిడ కబురంపిందని సొలాంజ్ తెల్లారకుండానే నడుచుకుంటూ మీ ఊరికే బయల్దేరింది కదయ్యా, ఇంకా చేరలేదా?"